సిరిమాను నడిచే వీధి

విజయనగరం వెళ్ళి కోటా, గంటస్తంభం, సంగీత కళాశాలా చూసి వచ్చినవారు ఊరిని సగమే చూసినట్టు. తక్కిన సగం చూడాలంటే విజయదశమి వెళ్ళిన తొలి మంగళవారం రావాలి. ఆనాడు పైడితల్లమ్మవారి సిరిమానోత్సవం. శ్రీకాకుళం నుంచీ, బొబ్బిలి నుంచీ, ఒడిషా సరిహద్దు పల్లెల నుంచీ జనం లక్షల్లో వస్తారు.

1757లో బొబ్బిలి యుద్ధవేళ అన్న విజయరామరాజు హతుడైన దుఃఖంతో చెల్లెలు పైడిమాంబ దేవతలో లీనమై, పెదచెరువులో విగ్రహంగా వెలసిందని ఇక్కడి కథ. దాదాపు అరవై అడుగుల చింతమానును బండిమీద నిలిపి, దాని కొసన ఆసనం కట్టి, పూజారిని కూర్చోబెట్టి, మూడు లాంతర్ల దగ్గరి గుడినుంచి కోటవరకూ మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. మేడలమీంచి జనం అరటిపళ్ళు విసురుతారు.

ఆ పూట ఆ వీధిలో నడిచే హక్కు అమ్మవారి బండ్లకే. తక్కినవన్నీ ఊరి చివర ఆగిపోవలసిందే. బస్సులను చుట్టుదారిన మళ్ళిస్తారు. సందు మొగలన్నిటా వెదురు దడులు కడతారు. పైన డ్రోన్లు ఎగురుతుంటాయి.

వెనక ఈ కట్టడికి కారణం రద్దీ ఒక్కటే. ఇప్పుడు ఇంకొక కారణం చేరింది. 2016 జూలై 14న ఫ్రాన్సులోని నీస్ నగరంలో బాణసంచా చూసి మళ్ళుతున్న జనం మీదికి ఒకడు పందొమ్మిది టన్నుల లారీ తోలాడు. 86 మంది పోయారు. ఆ డిసెంబరులోనే బెర్లిన్‌లో క్రిస్మస్ అంగళ్ళమీదికి మరొక లారీ దూసుకుపోయింది. 2025 జనవరి 1 తెల్లవారుజామున అమెరికాలో న్యూ ఆర్లియన్స్ వీధిలో 14 మంది బలయ్యారు. అక్కడ బండ్లను ఆపే స్తంభాలు పాడైపోతే, కొత్తవి వేస్తున్న రోజుల్లోనే ఆ ఘోరం జరిగింది.

పరదేశపు మాటలే కదా అందామా? 2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలి పదిమందికి పైగా చనిపోయారు. అంతకుముందు మే నెలలో, పేలుళ్ళకు కుట్ర చేశాడన్న ఆరోపణపై విజయనగరంలోనే ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. అందులో వాహనం ప్రసక్తి లేకపోయినా, ఆ వార్తలో ఈ ఊరి పేరు చూసి ఉలిక్కిపడనివారు లేరు.

నిజానికి వెదురు దడి మనిషిని ఆపుతుంది గాని లారీని ఆపదు. బండి వేగం రెట్టింపయితే దాని దెబ్బ నాలుగింతలవుతుంది. కనుక ముందు చంపవలసింది వేగాన్ని. బరువైన సిమెంటు దిమ్మలను ఎడమగా ఒకటి, కుడిగా ఒకటి పెట్టి దారిని వంకర చేస్తే, ఎంత లారీ అయినా మెల్లగా మెలికలు తిరగాలి. ఇది కొత్త విద్య కాదు. శత్రువుల ఏనుగు పరుగున వచ్చి తలుపు గుద్దకుండా మన పూర్వులు కోటగుమ్మం ముందు వంపు పెట్టలేదూ?

మొన్న 2025 ఉత్సవంలో ఒక దడి దగ్గర ఓ పల్లెటూరి ముసలమ్మ కానిస్టేబుల్‌ను నిలదీసింది.

"ఏటి బాబూ, యేటేటా ఇలాగే ఎల్తన్నాను. ఈ కర్రలేటి?"

"లారీలు రాకుండా, మామ్మా."

"అయితే నానేటి, లారీనా నాయినా?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. కానిస్టేబుల్ కూడా నవ్వుతూ తాడు విప్పి పంపించాడు.

ఈ శాస్త్రమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. విదేశాల్లో ఉక్కు స్తంభాలు పాతేటప్పుడు వాటి మధ్య సుమారు నాలుగడుగుల ఎడం వదులుతారు. మనిషీ, చక్రాల కుర్చీ పడతాయి, కారు పట్టదు. ఆ ఎడం మరిచిపోతే రక్షణే ఉరవుతుంది.

అదే నెల తిరిగీ తిరగకుండా, నవంబరు 1న, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక ప్రైవేటు వెంకటేశ్వరాలయంలో ఏకాదశి నాడు తొక్కిసలాట జరిగింది. తొమ్మిదిమంది పోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. అక్కడికి లారీ రాలేదు, శత్రువూ రాలేదు. ఇరుకు మెట్లూ, వచ్చేవారికీ పోయేవారికీ ఒకటే దారీ అయితే, ఆ ఘోరానికి అది చాలింది.

ప్రభుత్వం లారీని ఆపాలి; తప్పదు. కాని దడి కట్టే ప్రతిచోటా జనం బయటపడే దారి ఏదో, ఆపదవేళ దాన్ని తెరిచే మనిషి ఎవరో ముందే తేలి ఉండాలి. అంబులెన్సుకూ ఆ దారే దిక్కు.

సిరిమాను చూడవచ్చే పాఠకులకు ఒక మనవి. బండి దూరంగా పెట్టి నడిచి రండి. దిమ్మలు అడ్డువస్తే విసుక్కోకండి. వాటి పక్కన మనిషి పోయే సందు ఉందో లేదో మాత్రం చూడండి. లేకపోతే ఆ మామ్మలాగే నిలబడి అడగండి.