పేరుంది, పని లేదు

మట్టిలో బ్యాక్టీరియా రకాలు ఎంత ఎక్కువుంటే నేల అంత ఆరోగ్యంగా ఉన్నట్టని చాలా ఏళ్లు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, రైతులకూ చెప్పాను. అనంతపురం జిల్లాలో ఒక వేరుశనగ రైతు నా మాట మీద ఆ ఏడు చేనుకు పశువుల ఎరువు తోలడం మానుకున్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చేసే డీఎన్‌ఏ పరీక్ష గొప్పదే. గ్రాము మట్టిలో వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు. ల్యాబ్‌లో గాజు పళ్లేల్లో పెరిగేవి వాటిలో నూటికి ఒకటో రెండో. మిగతావాటి జాడ తెలియాలంటే మట్టి నుంచి డీఎన్‌ఏ తీసి, బ్యాక్టీరియా అన్నింటిలోనూ ఉండే 16ఎస్ జన్యువును చదవాలి. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ ఆర్కియా అనే సూక్ష్మజీవులను బ్యాక్టీరియా నుంచి వేరు చేసి చూపింది ఈ జన్యువు నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏను పోల్చే. అంత బలమైన పద్ధతి చేతిలో ఉందన్న ధీమా నాది.

ఆ రైతు చేనులో వైవిధ్యం అంకె పక్క చేల కంటే బాగా ఎక్కువ వచ్చింది. వేరుశనగకు నత్రజని అందించే బ్రాడీరైజోబియం పేరూ జాబితాలో ఉంది. ఆయన భూసార కార్డులో సేంద్రియ కర్బనం తక్కువని ఉన్నా, అది పాత పద్ధతిలే అని పక్కన పెట్టాను. "నేల బాగుంది, దిగులు పడొద్దు" అన్నాను.

పూత మీదున్నప్పుడు కబురొచ్చింది. వెళ్లి చూస్తే చేనంతా పాలిపోయి ఉంది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక మొక్క పీకి, మట్టి దులిపి, ఆ బ్యాక్టీరియా ఉండాల్సిన వేరు మీది బుడిపెను గోటితో చీల్చి చూపించాడు. పని చేసే బుడిపె లోపల లెగ్‌హీమోగ్లోబిన్ వల్ల ఎర్రగా ఉంటుంది. అది తెల్లగా ఉంది. ఇంకో మొక్క పీకాం, అదీ అంతే.

"ఆ పురుగు ఉందంటిరి గదా సార్, మరి పని జేయదేం?" అన్నాడు.

జవాబు నేను చదివి కూడా పట్టించుకోని పేపర్లలోనే ఉంది. 16ఎస్ పేరు చెబుతుంది, పని చెప్పదు. బుడిపెలు కట్టే జన్యువులు లేని బ్రాడీరైజోబియం కూడా నేలల్లో బోలెడు ఉంటుంది. 16ఎస్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. రిపోర్టులో ఉండేవి శాతాలు కాబట్టి మొత్తం మీద బ్యాక్టీరియా పెరిగిందో తగ్గిందో కూడా తెలియదు. చచ్చిపోయిన కణాల డీఎన్‌ఏ సైతం మట్టిలో నిలిచి ఉండి లెక్కలోకి వస్తుంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో అలాంటిది సగటున 40 శాతం దాకా తేలింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వైవిధ్యం సంగతి. బ్యాక్టీరియా వైవిధ్యాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది నేల పీహెచ్ అని ఫియరర్, జాక్సన్ 2006లోనే చూపారు. తటస్థానికి దగ్గరున్న నేలల్లో రకాలు ఎక్కువ, ఆమ్ల నేలల్లో తక్కువ. పక్క చేలు కాస్త ఆమ్లగుణం ఉన్న ఎర్ర నేలలు. ఈయన అంతకుముందు చెరువు మట్టి తోలుకున్నాడు, దాంతో ఈ చేను తటస్థానికి దగ్గరైంది. నేను ఆరోగ్యం అనుకున్నది చాలావరకు పీహెచ్ తేడా. ఆ కార్డులో పీహెచ్ అంకె కూడా ఉంది!

డీఎన్‌ఏ పరీక్ష నేను మానలేదు. చేనును పక్క చేనుతో కాక, ఏటా అదే నెలలో, అదే లోతున తీసిన దాని మట్టితోనే పోలుస్తాను. గట్ల పక్కన, దిబ్బల దగ్గర తీయను. తీసిన మట్టిని ఐస్ పెట్టెలో పెడతాను. అంతకుముందు ఎండలో కారులో వదిలేసిన సంచులూ ఉన్నాయి. సేంద్రియ కర్బనం, మట్టి వదిలే కార్బన్ డయాక్సైడ్ కొలిచాకే జాబితా తెరుస్తాను. వేరుశనగ అయితే ముందు మొక్క పీకి చూస్తాను.

ఆ రైతు మరుసటి ఏడు ఎరువు తోలి, విత్తనానికి రైజోబియం పట్టించి విత్తాడు. బుడిపెలు చాలావరకు ఎర్రగా వచ్చాయి. ఎరువు వల్లనా, రైజోబియం వల్లనా, ఆ ఏడు వానలు సమయానికి పడడం వల్లనా అన్నది ఒక్క పంటతో తేల్చలేనని ఆయనకు చెప్పాను.