కిరీటం కింద మైకు

మా నాయన దుర్యోధనుడు. తిట్టు కాదండీ, వేషం. గుడుపల్లె చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఏళ్లుగా ఆయన కట్టేది అదే వేషం.

మా చిత్తూరు వైపు ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర 18 రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. రాత్రిపూట మైకు బాధ లేదు. స్టేజీ పైనుంచి వేలాడే మైకుల కిందికొచ్చి పాడితే చాలు. అసలు తంటా చివరి రోజు పగలే. మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ చేస్తారు. దాని చుట్టూ భీముడూ దుర్యోధనుడూ గదలతో పరిగెత్తాలి, పద్యాలు పాడాలి. నెత్తిన ఎండ, చుట్టూ జనం. అక్కడ వేలాడే మైకు ఉండదు. చేతిలో గద ఉంటుంది కాబట్టి చేతి మైకూ కుదరదు.

పోయినేడు మూడో పద్యానికే నాయన గొంతు పోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావట్లేదు. పిల్లోళ్లు "వినపళ్లేదు" అని అరిచారు. ఇంటికొచ్చాక నాయన ఒకటే మాట అన్నాడు: "వచ్చే ఏడు ఇంకొకర్ని చూసుకోమని చెప్పేస్తాలేరా." ఆ రాత్రే ఫోన్ తీసి హెడ్‌సెట్ మైకుల కోసం వెతకడం మొదలుపెట్టా.

మొదట 450 రూపాయలది ఆన్‌లైన్లో తెప్పించా. చూడ్డానికి టీవీ యాంకర్లు పెట్టుకునేదానిలాగే ఉంది. మైక్‌సెట్ అన్న మిక్సర్‌కి పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. తర్వాత తెలిసింది, అది ఫోన్లకూ కంప్యూటర్లకూ చేసిన రకం. ఆ చిన్న కండెన్సర్ మైకు పనిచేయాలంటే కొద్దిపాటి వోల్టేజీ కావాలి. ఫోన్ అది ఇస్తుంది, మిక్సర్‌లోని మామూలు జాక్ ఇవ్వదు. మిక్సర్ మీద ఉండే 48 వోల్టుల బటన్ మూడు పిన్నుల మైకుల కోసం, దీనికి కాదు. 450 పోయింది, బుద్ధి వచ్చింది.

తర్వాత ఫ్రెండు బ్లూటూత్ హెడ్‌సెట్ తెచ్చి చూశాం. నోట్లోంచి వచ్చిన మాట కాస్త ఆలస్యంగా స్పీకర్లో పలుకుతోంది. హార్మోనియం ఒక దారి, పాట ఇంకో దారి!

టీచర్లు నడుముకు కట్టుకునే స్పీకరు కూడా ప్రయత్నించాం. మైకు, స్పీకరు, బ్యాటరీ అన్నీ అందులోనే. సంతలోనో బస్టాండు దగ్గరో ముప్పై నలభై మంది ముందు పాడేవాళ్లకైతే నేను చెప్పేది ఇదే. మైదానం నిండా జనముంటే మాత్రం చాలదు.

చివరికి ఒక రోజు గుడుపల్లెలో రైలెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయా. సంచిలో నాయన కిరీటం పెట్టుకుని పోయా. షాపువాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ అని ఒక్కో హెడ్‌సెట్టూ పెట్టుకుని పైన కిరీటం పెట్టి చూశా. మూడు కుదర్లేదు. చెవుల మీద సన్నటి తీగతో కూర్చునే నాలుగోది కుదిరింది.

వైర్‌లెస్‌లో రెండు రకాలు చూపించారు. 2.4 గిగాహెర్ట్జ్ రకానికి వైఫై, బ్లూటూత్ అన్నీ అదే దారిలో అడ్డొస్తాయి. పైగా మనిషి ఒళ్లు ఆ సిగ్నల్ని మింగేస్తుంది, జనం గుంపులో అది ఇబ్బందే. అందుకే యూహెచ్‌ఎఫ్ రకం తీసుకున్నా. 2,800 చెప్పాడు, 2,600కి ఇచ్చాడు.

కొనడం ఒక ఎత్తు, వాడటం ఇంకో ఎత్తు. ఇంటి వెనక పెట్టగానే స్పీకరు కుయ్యిమని కూత పెట్టింది. స్పీకర్లు నాయన వెనక ఉండటమే తప్పు. అవి మనిషికంటే ముందుండాలి, జనం వైపు తిరిగుండాలి. మైకు నోటికి ఎదురుగా ఉంటే ఊపిరి కొట్టుకుంటుంది కాబట్టి పెదవి మూలకు, రెండు వేళ్ల దూరంలో పెట్టాం. దూరం రెండింతలైతే మైకుకు చేరే ధ్వని ఒత్తిడి సగమైపోతుంది. అప్పుడు వాల్యూమ్ పెంచాలి, పెంచితే మళ్లీ కూత. రంగు పూయకముందే తీగను బుగ్గకి ప్లాస్టరుతో అంటించాలి. నడుం దగ్గరి డబ్బాకి చెమట తగలకుండా ప్లాస్టిక్ కవరు చుట్టాలి. సెల్లులు కొత్తవి వేయాలి.

అన్నిటికంటే కష్టమైంది నాయన చేత అరవడం మానిపించడం. ఇరవై ఏళ్ల అలవాటు మరి. "మెల్లగా పాడితే దుర్యోధనుడెట్లవుతాడ్రా?" అని కసిరాడు. మూడు సాయంత్రాలు పట్టింది. మూడో రోజు పద్యం మెల్లగా ఎత్తుకున్నాడు. గోడ అవతల పక్కింటి జేజి బయటికొచ్చి నిలబడింది. నాయన ఇంకేం మాట్లాడలేదు.

అప్పుడు నాకర్థమైంది. మైకు కొన్నది గొంతు పెంచడానికి కాదు, తగ్గించుకోడానికి.

ఈ ఏడు చివరి రోజు నేను మిక్సర్ దగ్గర నిలబడ్డా. పద్యాలన్నీ చివరిదాకా వినిపించాయి. భీముడు తొడ మీద కొట్టాడు, నాయన మట్టి బొమ్మ పక్కన కూలాడు. జనం గోలలో నేను మైకు ఆపడం మరిచిపోయా. చచ్చిపోవాల్సిన దుర్యోధనుడు మెల్లగా, "ఒరే అబ్బోడా, మైకు ఆపురా" అన్నది ఊరంతా వినింది.

ఒకటే నవ్వులు. నాకైతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత మెల్లగా అన్నా చివరి వరసదాకా వినపడింది కదా!

మీరు మైకు కొంటే, ముందు ఆపే బటన్ ఎక్కడుందో చూసుకోండి.