ఒక చెయ్యి నాగలి మీద, ఇంకో చేతిలో తుపాకీ

మా రూమ్మేట్ నైట్ షిఫ్ట్ చేసే స్టోర్‌లో మొన్న ఒకడు తుపాకీ చూపించి, గల్లాపెట్టె ఊడ్చుకుపోయాడు. మావాడికేం కాలేదు. కానీ ఆ రాత్రి నుంచి ఒకటే పాట: "మామా, మనం కూడా ఒక గన్ కొందాం రా. ఇది అమెరికా, హక్కుంది కదా!"

"ఆ హక్కు వెనకున్న కథ చూపిస్తా, పద" అని శనివారం లెక్సింగ్టన్ తీసుకెళ్లా. బోస్టన్ నుంచి రెడ్ లైన్‌లో ఏల్‌వైఫ్ దాకా, అక్కణ్నుంచి బస్సు.

ఊరి మధ్యలో పచ్చిక మైదానం. మన హైస్కూల్ గ్రౌండ్‌లా ఉంటుంది, అంతే. 1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున ఇక్కడే 77 మంది దాకా బ్రిటిష్ సైన్యానికి ఎదురు నిలబడ్డారు. కాంకర్డ్‌లో దాచిన మందుగుండు పట్టుకోవడానికి వస్తోంది ఆ సైన్యం. వీళ్లేమో జీతం తీసుకునే సిపాయిలు కాదు. రైతులు, చేతిపనులవాళ్లు. ఊరి దండు అన్నమాట, దాన్నే మిలీషియా అంటారు. పిలుపొస్తే తుపాకీతో రావడం వాళ్ల డ్యూటీ. 8 మంది చనిపోయారు. గాయపడ్డవాళ్లలో ప్రిన్స్ ఎస్టాబ్రూక్ అనే నల్లజాతి బానిస కూడా ఉన్నాడు.

1791లో రాజ్యాంగానికి రెండో సవరణ వచ్చింది. ఒకే వాక్యం, రెండు సగాలు. మొదటి సగం మిలీషియా దేశ భద్రతకు అవసరం అంటుంది. రెండో సగం ఆయుధాలు ఉంచుకునే ప్రజల హక్కును కాదనకూడదు అంటుంది. మరి దండులో ఉన్నవాడికేనా హక్కు? అందరికీనా? గొడవంతా అక్కడే!

1939లో మిల్లర్ కేసులో, గొట్టం కోసేసిన షాట్‌గన్‌కీ మిలీషియాకీ సంబంధం చూపించలేదు కాబట్టి దానికి రక్షణ లేదంది సుప్రీంకోర్టు. 2008లో డిక్ హెల్లర్ కేసు వచ్చింది. ఆయన వాషింగ్టన్‌లో డ్యూటీలో తుపాకీ పట్టుకుని కాపలా కాసేవాడు. ఇంట్లో మాత్రం పిస్టల్ పెట్టుకోనివ్వలేదు. కోర్టు 5-4తో ఆయన వైపే నిలిచింది. మొదటి సగం ఒక ఉద్దేశం చెబుతుందే తప్ప హక్కును కట్టేయదని జస్టిస్ స్కేలియా రాశారు. ఆ సగాన్ని పక్కన పెట్టి చదవలేమని జస్టిస్ స్టీవెన్స్ వాదన. హక్కుకు హద్దులే లేవని మాత్రం స్కేలియా కూడా అనలేదు.

"చూశావా! దండులో చేరక్కర్లేదు" అన్నాడు మావాడు హుషారుగా.

"ముందు నీ వీసా చూసుకో" అన్నా. మనలా స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి ఉన్నా మసాచుసెట్స్‌లో లైసెన్సు వేరే తీసుకోవాలి. అంటే మిలీషియా ప్రశ్న తీరినా, "ప్రజలు" అంటే ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంది. 1792 మిలీషియా చట్టం 18 నుంచి 45 ఏళ్ల తెల్లజాతి మగవాళ్లనే చేర్చుకోమంది. ఇదే పచ్చిక మీద రక్తం కార్చిన ప్రిన్స్ లాంటివాళ్లకు ఆ లెక్కలో చోటే లేదు.

తర్వాత క్యాబ్‌లో కాంకర్డ్ వెళ్లాం. నార్త్ బ్రిడ్జ్ దగ్గర 1875లో డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ చేసిన విగ్రహం ఉంది. ఒక రైతు. ఒక చెయ్యి నాగలి మీద, ఇంకో చేతిలో తుపాకీ. మావాడు చాలాసేపు దాన్నే చూశాడు.

"ఆ రాత్రి నా దగ్గర గన్ ఉండుంటే?" అన్నాడు మెల్లగా.

"తీసేలోపే వాడు కాల్చేవాడేమో రా!"

కాసేపాగి వాడే అన్నాడు: "ఈయనతో పాటు ఊరంతా వచ్చింది. నేనే ఒక్కణ్ని ఉన్నా."

సోమవారం ఓనర్‌కి ఫోన్ చేసి, నైట్ షిఫ్ట్‌లో ఇంకో మనిషి ఉంటేనే వస్తానని చెప్పేశాడు. గన్ మాట మళ్లీ ఎత్తలేదు.