ఖండాల నగరంలో కథల మజిలీ

ఢిల్లీ నుంచి హాపుర్ వైపు సాగే తొమ్మిదవ నంబరు జాతీయ రహదారి ఉత్తరప్రదేశ్‌లో ప్రవేశించిన కొద్దిసేపటికే ఎడమ వైపున ఎత్తయిన భవనాల వరుస ఒకటి కనిపిస్తుంది. అదే ఇందిరాపురం. ఘాజియాబాద్ అభివృద్ధి సంస్థ ఒకనాటి పొలాలలో వెలయించిన ఈ పట్టణ భాగానికి తూర్పున హిండన్ నది ప్రవహిస్తున్నది. ఇక్కడి పేటల పేర్లు తెలుగువారిని ఒక్క క్షణం ఆపుతాయి: జ్ఞాన ఖండ్, నీతి ఖండ్, న్యాయ ఖండ్, శక్తి ఖండ్, అహింసా ఖండ్, అభయ ఖండ్, వైభవ ఖండ్. వరుసగా చదివితే ఏదో పురాణానికి విషయసూచిక చూసినట్లుంటుంది.

ఉదయం పూట ఈ ఖండాలలోని ప్రతి ద్వారం ముందూ బడి బస్సులు ఆగుతాయి. అయితే బస్సు ఎక్కకుండా ఇంటనే చదువుకునే పిల్లలు కూడా నేటి మహానగరాలలో కొందరున్నారు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు ప్రతి ఇల్లూ కొంతకాలం బడి అయింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పదునాలుగేళ్ల పిల్లలను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది. ఇంటి చదువును గురించి మాత్రం విడిగా ఏమీ చెప్పదు. ఇంట చదివిన పిల్లలు పలువురు చివరకు ఆశ్రయించేది జాతీయ సార్వత్రిక విద్యా సంస్థను. 1989లో నెలకొన్న ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఇందిరాపురానికి ఎదురుగా, రహదారికి ఆవలి పక్కన నోయిడా 62వ సెక్టారులోనే ఉన్నది. పదునాలుగేళ్లు నిండినవారు అక్కడ పదవ తరగతి పరీక్షకు పేరు నమోదు చేసుకోవచ్చు.

పరీక్షకు దారి దొరికింది. మరి, అంతవరకు సాగే దీర్ఘమైన పగళ్లలో పిల్లలు ఏమి చదవాలి? ఎలా చదవాలి? పేరుపొందిన బాలసాహిత్యాన్ని పెద్దలు చదివి వినిపించాలా, పిల్లల చేతికిచ్చి వారి మానాన వదిలివేయాలా?

ఆ పుస్తకాల పుట్టుకలోనే సగం సమాధానం ఉన్నది. 1862 జులై 4న ఆక్స్‌ఫర్డ్ వద్ద పడవలో పోతూ ముగ్గురు బాలికలకు లూయీ కరోల్ చెప్పిన కథ 1865లో ‘ఆలిస్’ పుస్తకమైంది. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్ గ్రామంలో స్టీవెన్సన్ తన సవతి కుమారునితో కలిసి ఒక ద్వీపపు పటం గీసి, దాని నుంచి కథ అల్లి, రాసిన అధ్యాయాన్ని రాసినట్లే ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాడు. దానినే నండూరి రామమోహనరావు ‘కాంచన ద్వీపం’గా తెలుగు పిల్లలకు అందించారు. మన పంచతంత్రం సంగతి చెప్పనక్కరలేదు. రాజకుమారులు ముగ్గురికి చదువు అబ్బకపోతే విష్ణుశర్మ వారిని కూర్చోబెట్టి కథలు చెప్పాడు. ఇవన్నీ మొదట చెవికి చేరి, తరువాత కంటికి అందిన కథలు.

మిగిలిన సగం పిల్లల మనస్సులో ఉన్నది. పిల్లలు తాము చదివి గ్రహించగలిగిన దానికంటె కఠినమైన కథను విని గ్రహించగలరు. ఎనిమిదేళ్ల బాలుడు తానుగా చదవలేని వాక్యాన్ని తండ్రి గొంతులో సులభంగా అందుకుంటాడు. 1985లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ నివేదిక, చదివి వినిపించడాన్ని మించిన పునాది లేదని చెబుతూ, పిల్లలు చదవడం నేర్చిన తరువాత కూడా దానిని మానవద్దని సూచించింది.

ఇందిరాపురంలోని తెలుగు ఇంటికి ఈ విషయం మరింత ముఖ్యమైనది. అక్కడి పిల్లవానికి ఆటస్థలంలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. ఈ రెండు భాషలలో అతడు ఒంటరిగా చదువుకోగలడు. తెలుగు మాత్రం అమ్మ మాటలలో వినబడేదే గాని, దుకాణాల బోర్డులమీద కనబడేది కాదు. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ నెలకొల్పిన ఆంధ్ర విద్యా సంఘం పాఠశాలలు యమునకు ఆవలి ఒడ్డున ఉన్నవి. కనుక ‘అన్నం తిను, నిద్రపో’ అనే మాటలను దాటిన తెలుగు ఆ పిల్లవాని చెవిన పడాలంటే, ఎవరో ఒకరు పుస్తకం తెరిచి చదవవలసిందే. 1947 జులైలో ప్రారంభమైన ‘చందమామ’ నేడు వెలువడకపోయినా దాని పాత కథలు దొరుకుతున్నవి. వాటిని వినని పిల్లవాడు తెలుగును వంటింటి భాషగానే ఎరుగుతాడు.

ఇందుకు గొప్ప ఏర్పాట్లు అక్కరలేదు. రోజుకు అరగంట, ఒక అధ్యాయం చాలు. ప్రతి మాటకూ అర్థం చెబుతూ ఆగరాదు; చివర ప్రశ్నలు వేయరాదు. అక్షరాలపై వేలు కదిలిస్తూ చదివితే లిపి తానుగా పరిచయమవుతుంది. కథ ఉత్కంఠగా ఉన్నచోట ఆపి, పుస్తకాన్ని పిల్లవాని చేతికందే అరలో ఉంచాలి. ఏదో ఒకనాడు అతడు రేపటి వరకు ఆగలేక తానే పుట తిప్పుతాడు. కలిసి చదవడం ఒంటరి చదువుకు దారి తీసేది ఇక్కడే. గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’లో ఊహించిన ఉపాధ్యాయుడు కూడా మొదట కథలు చెప్పి, ఆ పైననే తరగతిలో గ్రంథాలయం పెట్టాడు.

కొన్ని పుస్తకాలను పెద్దయిన తరువాత కూడా కలిసి చదవడమే మంచిది. రాబిన్సన్ క్రూసో తనను ‘యజమాని’ అని పిలవమని ఫ్రైడేకు నేర్పుతాడు. హకల్‌బెరీ ఫిన్ కథలో నల్లజాతివారిని పిలిచే మాట నేడు నోట రాదగినది కాదు. పుస్తకాన్ని దాచివేయడం కంటె, ఆ పుట వద్ద ఆగి ఇంట్లో మాట్లాడుకోవడం మేలు.

మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన ‘కాశీ మజిలీ కథలు’లో గోపబాలుడు మణిసిద్ధుని వెంట ఊరికే నడవడు. మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పాలన్నదే అతని షరతు. బతుకుతెరువు కోసం ఉత్తరాదికి తరలివచ్చిన కుటుంబాలకు ఇందిరాపురం కూడా ఒక మజిలీయే. వెంట నడిచి వచ్చిన పిల్లలకు రావలసిన కథ ఒకటి ఉన్నది. ఆ బాకీని ఏ పాఠశాలా తీర్చలేదు. ఇంట్లో చదివే గొంతు తీర్చగలదు.