జిగురు పోయక ముందు

నేటి ఆటో నడిపేవారికి బేరాలు చాలవరకు ఫోనులోనే తగులుతున్నవి. ఫోను ఆరిపోయిందంటే మా భాయీజాన్‌కు ఆ పూట కూలి పోయినట్లే. అందువల్ల ఆటోలోని 12 వోల్టుల బ్యాటరీ నుండి ఫోనుకు 5 వోల్టులు అందించే చిన్న పలకను అమర్చే భారం నాపై పడినది. ఎల్.ఎం. 2596 ఐ.సి. గల ఈ పలకలు అతి చవక. వానకు, దుమ్ముకు తాళవు. ఎపాక్సీ పోసి రాయి చేసివేయమని మిత్రులు సలహా ఇచ్చారు.

రాయి చేయడం సులభమే. కాని మామూలు ఎపాక్సీ లోపలి వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ తలపై గాట్లుండేది ఒత్తిడి హెచ్చినపుడు ఆవిరిని వదలడానికే. వాటిని కప్పివేస్తే అది ఏ దారిన పోవాలి? వెనిగర్ వాసన కొట్టే సిలికోన్ సంగతి చెప్పనే అక్కరలేదు, అది రాగిని తినివేస్తుంది.

అన్నిటికన్న నన్ను భయపెట్టినది వోల్టేజిని సవరించే నీలిరంగు ట్రిమ్‌పాట్. కుదుపులకు దాని లోపలి స్పర్శ తప్పిందా, దాదాపు బ్యాటరీ వోల్టేజి అంతా ఫోనులోకి దూకుతుంది! జిగురులో కూరుకుపోయిన తరువాత దానిని మార్చే వీలుండదు. కనుక ముందే ఊడదీసి, 1000 ఓముల స్థిర రెసిస్టరును అతికాను. పలకపైనున్న రెండవది 330 ఓములు, ఐ.సి. ప్రమాణ వోల్టేజి 1.23. లెక్క 4.96 వోల్టులకు వచ్చినది, మల్టీమీటరూ దాదాపు అంతే చూపినది.

ఎపాక్సీ పోయలేదు. కెపాసిటర్ల తలలు విడిచి పలుచగా వార్నిషు పూసి, మూతగల పెట్టెలో బిగించాను. బ్యాటరీ వద్ద ఫ్యూజు మాత్రం భాయీజాన్ తన చేతితోనే పెట్టాడు.