లాలాగూడ లైన్లు

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా ఇంటిపేరు ఎవరికీ తెలియదు. మాది ఫిట్టర్ గారిల్లు. కుడిపక్కన గార్డు గారిల్లు, వాళ్ళు అరవవాళ్ళు. ఎడమపక్కన పెయింటర్ సాబ్ ఇల్లు. వెనక వరసలో రైల్వే ఆసుపత్రి నర్సు ఉండేది, కేరళ ఆవిడ, పిల్లలందరికీ చేచ్చి. రోడ్డు దాటితే కొంచెం పెద్ద క్వార్టర్లు. అందులో మొదటిది ఆంగ్లో ఇండియన్ డ్రైవర్‌ది. ఎదురుగా ఉంటే ఆయన మాకు అంకుల్, ఆయన అటు వెళ్ళగానే డ్రైవర్ దొర.

ఇంతమంది ఒకచోటికి చేరడానికి మూలం నిజాం కాలంలో ఉంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టారు. ఇంజన్లు నడపడానికి ఆంగ్లో ఇండియన్లు, కంటోన్మెంటు వెంట మద్రాసు నుంచి తమిళులు, బోగీల పనికి ఊళ్ళ నుంచి వడ్రంగులు, కమ్మరులు వచ్చారు. మా తాత కాజీపేట దగ్గరి పల్లె నుంచి అలా వచ్చినవాడే. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాదు దానికి కేంద్రమయ్యాక ఆంధ్రా వైపు నుంచి గుమాస్తాలు దిగారు. నాకు ఊహ తెలిసేనాటికి మా లైన్లలో కనీసం అయిదు భాషలు వినిపించేవి.

ఆ రోజుల్లో అందరూ అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. క్వార్టరు గ్రేడును బట్టి, సీనియారిటీని బట్టి ఇచ్చేవారు. పక్కింటికి ఎవరు రావాలో మా చేతిలో లేదు, వాళ్ళ చేతిలోనూ లేదు. లిస్టులో పేరు పైకొచ్చినవాడు మంచం, బిందెలు రిక్షాలో వేసుకుని దిగేవాడు. ఇక వాడితో పడాల్సిందే. తెల్లవారుజామున నల్లా దగ్గర బిందెల వరస కోసం ఆడవాళ్ళు ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకునేవారు. మా అమ్మకు తమిళం వచ్చింది అక్కడే, ముందు తిట్లు, తర్వాత మాటలు.

డిసెంబరు వచ్చిందంటే డ్రైవర్ గారి భార్య మా ఇంటి గులాబీ పువ్వుల అచ్చు కోసం వచ్చేది. మేం సంక్రాంతికి చేసుకునే ఆ పువ్వులే వాళ్ళకు క్రిస్మస్ పిండివంట. ఒకటే తేడా, వాళ్ళు పిండిలో కోడిగుడ్డు కలుపుతారు. అచ్చు తిరిగొచ్చాక మా నానమ్మ దాన్ని బూడిదతో తోమి, చింతపండుతో తోమి, కుంపట్లో ఎర్రగా కాల్చి గానీ ముట్టుకునేది కాదు. అంత మడి పాటించే మనిషి అచ్చు ఇవ్వనని మాత్రం ఏ ఏడూ అనలేదు. డ్రైవర్ గారివాళ్ళు కేకు పిండి ఇంట్లోనే కలిపి, రేకు డబ్బాల్లో పోసి, బేకరీకి మోసుకెళ్ళి కాల్పించుకొచ్చేవారు. ఆ డబ్బాలు మోసే పని మా మగపిల్లలది. కూలి కింద అంచు ముక్కలు. ఆషాఢంలో బోనాలకు తీన్‌మార్ మోగితే అందరికంటే ముందు దూకేది పెయింటర్ సాబ్ పెద్దకొడుకు. గార్డు గారి తల్లి, మేమంతా పాటి అనే ముసలావిడ, ఆ డప్పులకు కిటికీలు మూసుకుని కూర్చునేది. పోతరాజు గుమ్మం ముందుకొస్తే మాత్రం పళ్ళెంలో పసుపు నీళ్ళు పట్టుకుని బయటికొచ్చేది.

ఇవన్నీ ఒక ఎత్తు, 1974 మే నెల ఒక ఎత్తు.

మే 8న వర్క్‌షాపు సైరన్ కూయలేదు. మా ఇంట్లో గడియారం చెడి ఎన్నాళ్ళో అయింది. నానమ్మ ఎసరు పెట్టడమూ దింపడమూ అన్నీ సైరన్ లెక్కనే. ఆ రోజు ఆవిడ పొద్దెక్కేదాకా పొయ్యి వెలిగించలేదు. రైల్వే సమ్మెతో దేశమంతటా రైళ్ళు ఆగాయి. సమ్మె నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ను వారం ముందే అరెస్టు చేశారు. పిల్లలకు అర్థమైంది ఇంతే: బోనస్ కావాలి, డ్యూటీ గంటలు తగ్గాలి, నాన్న ఇంట్లో పడుకోకూడదు.

ఎందుకంటే పోలీసులు రాత్రిళ్ళు వచ్చేవారు. దొరికినవాణ్ణి దొరికినట్టు జీపెక్కించేవారు. మొదట నాన్న వారాసిగూడలో ఎవరింట్లోనో తలదాచుకున్నాడు. అక్కడ కూడా వెతకడం మొదలుపెట్టారని తెలిసి వెనక్కి వచ్చేశాడు. వచ్చి మా పక్కింట్లోనే దాక్కున్నాడు. పెయింటర్ సాబ్‌ను అప్పటికే పట్టుకెళ్ళారు, కాబట్టి ఆ ఇంటి మీద ఎవరికీ అనుమానం రాలేదు. నాన్న, గార్డు గారు ఇద్దరూ లోపలి గదిలో పరదా వెనక పడుకునేవారు. ఒక రాత్రి బూట్ల చప్పుడు మా వాకిలి దాటి ఆ గుమ్మం ముందు ఆగింది. నేను మంచం కింద నుంచి వింటున్నాను. పెయింటర్ సాబ్ భార్య ఆపా గొంతు గట్టిగా పలికింది: "ఘర్ మే మర్ద్ నై హై. అందర్ పరదా హై." కాసేపు ఏ మాటా లేదు. తర్వాత బూట్లు ముందుకు వెళ్ళిపోయాయి. ఆపా అలా ఎందుకు చేసిందని తర్వాత అమ్మనడిగితే, "మరి నిన్నటిదాకా వాళ్ళ పిల్లలకు అన్నమెవరు పెడుతున్నరు?" అంది.

డ్రైవర్ దొర సమ్మె చేయలేదు. పోలీసు కాపలాతో ఇంజనెక్కి, కాజీపేట వైపు బండ్లు తీసుకుపోయాడు. అప్పటిదాకా ఆయన మాకు హీరో. ఆవిరి ఇంజన్ మీదే బెజవాడకు ఉరికే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ గురించి, నల్లటి చేతులతో పైపు కాలుస్తూ కథలు చెప్పేవాడు. ఆ నెలలో రాత్రిళ్ళు ఆయన పెంకుల మీద రాళ్ళు పడేవి. పొద్దున్నే ఆయన భార్య పగిలిన పెంకులు ఏరి, ఎవరినీ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళేది. జీతాలు ఆగి మా డబ్బాలో బియ్యం అడుగంటిందని ఆవిడకు ఎలా తెలిసిందో, ఒక సాయంత్రం సంచీతో మా పెరటి గుమ్మంలో నిలబడింది. అమ్మ వద్దంది, మొహం తిప్పుకుంది. నానమ్మ లేచి సంచీ అందుకుంది. "సమ్మె నీ మొగుడిది. నేనేం సమ్మెల లేను" అంది కోడలితో.

నెలాఖరులో సమ్మె విరమించారు. నాన్నకు సర్వీసులో బ్రేక్ పడింది. గార్డు గారి ఉద్యోగం పోయింది. జనతా ప్రభుత్వం వచ్చాక, 1977లో, తిరిగి తీసుకున్నారు. ఈలోగా ఆ ఇల్లు పాటి అప్పడాలు అమ్మిన డబ్బుతో నడిచింది. వాటిని మార్కెట్లో వేసి వచ్చింది మేమే. 1979లో బోనస్ మొదలైనప్పుడు అది సమ్మె చేసినవాళ్ళకూ వచ్చింది, చేయనివాళ్ళకూ వచ్చింది. "ఆ దొరకు కూడానా!" అని నాన్న ఆ రోజంతా సణిగాడు. అయిదేళ్ళుగా ఆయనతో మాట్లాడింది లేదు.

తర్వాత లైన్లు నెమ్మదిగా ఖాళీ అయ్యాయి. రిటైరైతే క్వార్టరు వదలాలి కదా. వదిలినవాళ్ళు మల్కాజిగిరిలోనో మౌలాలిలోనో స్థలం కొనుక్కుని, ఈసారి పక్కన ఎవరుండాలో తామే ఎంచుకున్నారు. మేమూ అంతే. మా కాలనీలో సగం ఇళ్ళు మా జిల్లా వాళ్ళవి, అందులో సగం మా చుట్టాలవి. పండగలన్నీ మాకు తెలిసినవే. మా పిల్లలకు తమిళంలో ఒక్క తిట్టు కూడా రాదు. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక మెట్టుగూడ స్టేషన్లో దిగి ఆ వైపు నడిచాను. కొన్ని వరసలు కూల్చేశారు, కొన్నింట్లో రావిచెట్లు మొలిచాయి.

డ్రైవర్ దొర కుటుంబం అంతకు చాలాముందే, 80ల మొదట్లో, ఆస్ట్రేలియాలో పెర్త్‌కు వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు సామానంతా వాకిట్లో పెట్టి అమ్మారు. నాన్న రోడ్డు ఇవతల చాలాసేపు నిలబడి, చివరికి వెళ్ళి ఒక పేము కుర్చీ చూపించి ధరెంతని అడిగాడు. "యూనియన్ రేటా, మామూలు రేటా, మేన్?" అన్నాడు ఆయన. నాన్నకు నవ్వాగలేదు. బేరం మాత్రం గట్టిగానే జరిగింది. ఒక్క రూపాయి కూడా తగ్గలేదు దొర.

వారం తిరక్కుండానే ఆ క్వార్టరు గుంటూరు నుంచి వచ్చిన ఒక బుకింగ్ క్లర్కుకు ఇచ్చారు. వాళ్ళ ఇంట్లో నల్లా పాడైందని, ఆయన భార్య మర్నాడు పొద్దున్నే మా వరసలోకి బిందె తెచ్చి మా అమ్మ బిందెకు ముందు పెట్టింది.