ఆకుపచ్చ నరకంలో... వెంట్రుకవాసి లెక్క!

చుట్టూ దట్టమైన అడవి. మధ్యలో కొండమీద పాతకాలపు కోట. ఆ కోటను చుట్టి, లోయలోకి దిగి, మళ్లీ గుట్టలెక్కి, బయల్దేరిన చోటికే వచ్చే రోడ్డు. పొడవు 20.8 కిలోమీటర్లు. మలుపులు 70కి పైనే. కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు అదో పుణ్యక్షేత్రం. పేరు నూర్బర్గ్‌రింగ్. అక్కడికి వెళ్లే కారుకు మొదటి పరీక్ష రోడ్డు మీద కాదు... మెకానిక్ దగ్గర!

జర్మనీ పడమటి వైపున్న ఐఫెల్ కొండల్లో ఉంటుందీ ట్రాక్. కొలోన్ నగరం నుంచి కారులో గంటన్నర కూడా పట్టదు. చుట్టుపక్కల ఊళ్లలో పనుల్లేనివారికి ఉపాధి చూపించేందుకు 1925లో పని మొదలుపెట్టి 1927లో ప్రారంభించారు. ఉత్తర వలయంలో అన్నిటికన్నా ఎత్తైన చోటుకీ పల్లపు చోటుకీ తేడా దాదాపు 300 మీటర్లు. ఒక మూల ఎండ కాస్తుంటే ఇంకో మూల వాన పడుతుంటుంది. 1968లో వానలో, పొగమంచులో ఇక్కడి రేసును నాలుగు నిమిషాలకు పైగా తేడాతో గెలిచిన జాకీ స్టీవార్ట్ దీనికి పెట్టిన పేరే 'ఆకుపచ్చ నరకం'!

టికెట్టు కొంటే చాలు

ఇంత పేరున్న ట్రాక్ మీదికి మామూలు జనాన్నీ రానిస్తారు. పర్యాటకులకు కేటాయించిన వేళల్లో లైసెన్సు, రోడ్డు మీద తిరగడానికి అనుమతి ఉన్న కారు, టికెట్టు ఉంటే చాలు. అప్పుడది వన్‌వే టోల్ రోడ్డు. ఎడమ వైపు నుంచే ఓవర్‌టేక్ చేయాలి. అదుపు తప్పి పక్కనున్న ఇనుప కంచెను గుద్దితే దాని ఖర్చు, కారును లాక్కెళ్లే ఖర్చు అన్నీ గుద్దినవారి నెత్తినే. అందుకే అనుభవమున్నవాళ్లు గేటు దాటే ముందు ఒకసారి అలైన్‌మెంట్ సరిచూపించుకుంటారు. ఆ పని మీద బతికే గ్యారేజీలు ట్రాక్ చుట్టూ ఉన్న పల్లెల్లోనే ఉన్నాయి.

కారుకూ ఓ నడక ఉంది

కొందరు నడిచేటప్పుడు పాదాలు లోపలికి తిరుగుతాయి, కొందరికి బయటికి. చక్రాలూ అంతే. దీన్ని 'టో' అంటారు. ముందు నుంచి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉంటే అది 'క్యాంబర్'. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది కదా... అలాంటి వాలే 'క్యాస్టర్'. తిప్పిన స్టీరింగ్ తనంతట తాను సూటిగా రావడానికి సాయపడేది అదే.

మలుపులో కారు బయటికి ఒరుగుతుంది. దాంతోపాటు బయటి వైపు చక్రమూ ఒరిగి, బరువంతా టైరు అంచు మీద పడుతుంది. చక్రాన్ని ముందే కొంచెం లోపలికి వాల్చి ఉంచితే సరిగ్గా మలుపులోనే టైరు మొత్తం రోడ్డుకు ఆనుతుంది. మామూలు కార్లలో ఈ వాలు చాలావాటికి ఒక డిగ్రీ లోపే. ట్రాక్ కోసం సిద్ధం చేసిన కార్లలో ముందు చక్రాలకు రెండు మూడు డిగ్రీల దాకా పెడతారు.

డ్రైవర్ బరువూ లెక్కలోకే

కొలిచే ముందు పెద్ద తతంగమే ఉంటుంది. టైర్లలో గాలి సరిచూస్తారు. ట్యాంకులో ఇంధనం ట్రాక్ మీద ఎంత ఉంటుందో అంతే ఉంచుతారు. నడిపే మనిషిని సీట్లో కూర్చోబెడతారు, లేదంటే అంత బరువు పెడతారు. అప్పుడు కారు ఎంత కిందికి దిగుతుందో ఆ ఎత్తులోనే కొలతలు తీయాలి. ముందు వెనక చక్రాలు, తర్వాత ముందు చక్రాలు. క్యాంబర్ మారిస్తే టో కూడా మారిపోతుంది కాబట్టి టో చివర్లోనే. డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక భాగం ఒక 'మినిట్'. మామూలు కారు టైరు మీద 10 మినిట్లంటే రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కొలతంతా ఆ లెక్కలోనే సాగుతుంది!

అసలు తీర్పు మాత్రం రోడ్డుదే. ఒక రౌండు తిరిగొచ్చాక టైరు లోపలి అంచు, మధ్య భాగం, బయటి అంచు ఎంత వేడెక్కాయో కొలుస్తారు. లోపలి అంచు మరీ కాలిపోతుంటే వాలు ఎక్కువైనట్టు. బయటి అంచు కాలితే చాలనట్టు.

ఎందుకింత పట్టింపు?

'ఫుక్స్‌రోరె' అనే చోట... అంటే నక్క గొట్టం... రోడ్డు ఒక్కసారిగా పల్లంలోకి జారుతుంది. వేగంగా దిగిన కారు అడుగున నేలకు అదుముకుపోతుంది. స్ప్రింగులు నొక్కుకుపోయి చక్రాల కోణాలూ మారిపోతాయి. వెనక చక్రాలు బయటికి తిరిగి ఉంటే ఆ క్షణంలో కారు తోక ఊపుతుంది. ఇక 'కారుసెల్' అంటే రంగులరాట్నం. కాంక్రీటు పరిచిన గుంతలాంటి ఆ వంపులో చక్రాలు దడదడలాడతాయి. గ్యారేజీలో బిగించిన బోల్టు గట్టిదో కాదో అక్కడ తేలిపోతుంది.

1976లో ఈ ట్రాక్ మీద రేసు వద్దని నికీ లాడా మొత్తుకున్నాడు. తోటి డ్రైవర్లు ఒప్పుకోలేదు. ఆగస్టు 1న అతని కారే అదుపు తప్పి మంటల్లో చిక్కుకుంది. వెనక సస్పెన్షన్ విరగడమే కారణమని చాలామంది అనుమానం. చావు అంచుదాకా వెళ్లిన లాడా ఆరు వారాల్లో మళ్లీ స్టీరింగ్ పట్టాడు. కానీ ఫార్ములా వన్ మాత్రం ఆ పాత వలయానికి మళ్లీ రాలేదు.

ఇంతా చేసి, ట్రాక్ కోసం పెట్టిన ఆ కొలతలు ఊళ్లో తిరగడానికి పనికిరావు. రోజూ అలాగే నడిపితే టైర్ల లోపలి అంచులు త్వరగా అరిగిపోతాయి. ఏ రోడ్డుకు తగ్గ నడక ఆ రోడ్డుకు... ఐఫెల్ కొండల్లోని మెకానిక్కులు చెప్పే పాఠం ఇదే. మన కారుకు ఆకుపచ్చ నరకం అక్కర్లేదు, వానాకాలపు గుంత ఒక్కటి చాలు. సూటి రోడ్డు మీద స్టీరింగ్ ఒక పక్కకు లాగుతున్నా, టైరు ఒక వైపే అరుగుతున్నా అది కారు చేస్తున్న ఫిర్యాదే. పండక్కి పిల్లాపాపలతో ఊరికి బయల్దేరే ముందే ఆ ఫిర్యాదు వినడం మంచిది!